ఆరు వరుసల తెర

ఆ యంత్రం అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, సబ్బుబిళ్ళ కంటే కాస్త చిన్నది. పాటలు పాడుతుంది, రేడియో మోగిస్తుంది, బొమ్మలు చూపిస్తుంది, పుస్తకాలు చదివిస్తుంది. ఇంట్లో దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలుచుకుంటారు. అత్తకి అది పాటల డబ్బా. పార్సిల్ వ్యాను నడిపే భర్తకి రేడియో. ఇంటి కోడలు, ఆమెకి మాత్రం పుస్తకం. గుప్పిట మూస్తే కనిపించని పుస్తకం. తెర మీద ఒక్కసారికి ఆరు వరుసలే వస్తాయి. ఆరూ చదివి పక్కనున్న మీట నొక్కితే తెర నల్లబడుతుంది. మధ్యలో చిన్న చక్రం ఒకటి గిర్రున తిరిగి తిరిగి, చదివేవాళ్ళ ఓపికంతా పీల్చుకున్నాక గానీ తర్వాతి ఆరు వరుసలు రావు.

ఆమె భయాలన్నీ ఆ చక్రం తిరిగేటప్పుడే పుట్టేవి.

ఎందుకంటే వాక్యాన్ని ఎక్కడ తెంచాలో ఆ యంత్రానికి తెలియదు. పిల్లల పెంపకం మీద ఒక డాక్టరు రాసిన పుస్తకం అందులో ఉంది. "పసిబిడ్డ నిద్రలో ఉన్నట్టుండి" అని ఆరో వరుస ఆగిపోయేది. చక్రం తిరిగేది. ఉన్నట్టుండి? ఉన్నట్టుండి ఏమవుతుంది? ఆమె ఊపిరి బిగబట్టి ఉయ్యాలకేసి చూసేది. చూస్తే చాలదని వెళ్ళి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టేది. తీరా తెర వెలిగాక "నవ్వితే కంగారు పడకండి, అది మామూలే" అని ఉండేది. కంగారు అప్పటికే పడిపోయి, చెమట కూడా పట్టేసి ఉండేది.

అందుకే భర్త ఆమెకి పిట్టగుండె అని పేరు పెట్టాడు. ముద్దుగానే పెట్టాడు. అది వీధి దాటి ఆమె పనిచేసే చోటికి కూడా పాకింది.

చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది ఆమెకి. తల్లి పనికి పోతే తమ్ముళ్ళని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాల్సి వచ్చింది, అంతే. బడి మానినా అక్షరాల మీద ఆశ మానలేదు. పొట్లం కట్టిన కాగితం కూడా సాపు చేసి చదివే రకం. ఆ సంగతి కనిపెట్టే భర్త, సామాన్లు బాగుచేసే దుకాణంలో ఈ యంత్రాన్ని కొని తెచ్చాడు. దుకాణదారే గోరంత కార్డులో పుస్తకాలు ఎక్కించి ఇచ్చాడు. కొన్ని కథలు, పదో తరగతి పాఠాలు, ఆ డాక్టరు పుస్తకం. పాఠాలు చదివి ఎప్పటికైనా పరీక్షకి కూర్చోవాలని ఆమె కోరిక. బుడ్డోడు పుట్టాక పాఠాలు ఎటో పోయాయి, కథలూ పోయాయి, డాక్టరు పుస్తకం ఒక్కటే మిగిలింది.

అత్తకి ఇంకో కార్డు ఉంది, దాని నిండా పాత పాటలు. రెండూ కలిసిపోకుండా అత్త కార్డు మీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టారు. అత్త పాటలు వినాలంటే కోడలి కార్డు తీయాలి, కోడలు చదువుకోవాలంటే అత్త కార్డు తీయాలి. బయట ఉన్న కార్డు కిటికీ పక్క అరలో, ఖాళీ దారపు రీలు రంధ్రంలో పడుకుంటుంది. పైన కాస్త దూది కుక్కుతారు. కార్డులు మార్చేటప్పుడు ఆమె ఒకదాన్ని పెదవుల మధ్య పట్టుకునేది. అది పనిచేసే చోట పడ్డ అలవాటు.

పనిచేసేది చలికోట్లు కుట్టే షాపులో. కోట్లకి ఆమె టిచ్ బటన్లు కుడుతుంది. నొక్కితే టిక్కుమని అతుక్కునే ఇనుప బటన్లు. బరువైన కోట్లు కాబట్టి బటన్లూ పెద్దవే, బొటనవేలి గోరంత. అంచు చుట్టూ దారం దూరడానికి బెజ్జాలు. రెండు చేతులూ గుడ్డలో ఉంటాయి గనక అక్కడందరూ బటన్లని పెదవుల మధ్యే పెట్టుకుంటారు. మేస్త్రి ఏమన్నా అడిగితే ఊఁ, ఊహూఁ తప్ప మాట రాదు. మిగిలిన బటన్లు ఏప్రన్ జేబులో గలగలమంటుంటాయి, సాయంత్రం గుమ్మం దగ్గర వాటిని తీసి మేస్త్రి డబ్బాలో పోసి వెళ్తారు.

ఆమె ఒళ్ళో కోటు, కోటు కింద యంత్రం. కాజాలు కుట్టే పెద్దావిడ పక్కనే కూర్చునేది. ఆవిణ్ణి అందరూ కాజాలక్క అనేవాళ్ళు. మేస్త్రి వస్తుంటే దగ్గేది. దగ్గు వినగానే సూది యంత్రం వెనక స్పీకరు మీద పెట్టేది ఆమె. లోపల అయస్కాంతం ఉంది కదా, సూది చటుక్కున అతుక్కునేది. ఆ తర్వాత యంత్రం కోటు మడతలోకి జారేది. సాయంత్రం బయల్దేరే ముందు మాత్రం స్పీకరు తడిమి చూసుకుని, సూదిని సూదులదిండుకి గుచ్చి, దిండుని కాజాలక్కకి చూపించి మరీ యంత్రాన్ని జేబులో వేసుకునేది.

"సూది ఇంటికి పోతే ఇంకేమన్నా ఉందా, అక్కా? పిల్లాడున్న ఇల్లు," అనేది.

"నీ భయం చూసి ఆ సూదే భయపడి ఇక్కడ ఉండిపోతుందిలే, పద," అనేది కాజాలక్క.

ఏప్రన్ విప్పకుండానే ఇల్లు చేరేది. ఇంటిపనికీ అదే ఏప్రన్. గుమ్మంలో అడుగు పెట్టగానే బుడ్డోడు తప్పటడుగులతో ఎదురొచ్చి, జేబులో చెయ్యి దూర్చి యంత్రం లాక్కునేవాడు. దాన్ని ముందూ వెనకా నాకుతూ గదంతా ఊరేగేవాడు. వెంటబడి తీసుకుని తుడిచేసరికి ఆమెకి ఆయాసం వచ్చేది.

*

బుడ్డోడు తిండి మానేశాడు.

పాలు తాగుతున్నాడు. ఉడికించి మెదిపిన బంగాళదుంప పెడితే మాత్రం రెండుసార్లు నాలుక ఆడించి బయటికి తోసేస్తున్నాడు. నోట్లోంచి చొంగ ఒకటే ధార. చొక్కా తడిసిపోతోంది, మార్చేలోపే ఇంకోటి తడిసిపోతోంది.

"పళ్ళు, పళ్ళొస్తున్నాయి. వీడి తండ్రికీ ఇంతే, బకెట్లు నింపాడు," అంది అత్త.

"మొన్నటిదాకా ఇట్లా లేదు కదత్తయ్యా."

"మొన్నటిదాకా ఆ పన్ను లేదు కదమ్మాయ్."

భర్త నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. అలాగని నోరెత్తలేకపోయింది కూడా. ఎత్తడానికి ముఖం చెల్లాలి కదా. బిడ్డ మాడు మెత్తగా కొట్టుకుంటోందని ఒకసారి, అరికాలు పసుప్పచ్చగా ఉందని ఒకసారి, మరీ ఎక్కువసేపు పడుకున్నాడని ఇంకోసారి ఆస్పత్రికి పరిగెత్తింది. ఎక్కువసేపు పడుకున్నాడని తీసుకెళ్తే వాడు ఆ వరండాలోనూ పడుకునే ఉన్నాడు. వీధి చివర చిన్న ఆస్పత్రి అది. అక్కడి నర్సు ఈమె మెట్లెక్కడం చూస్తే చాలు, "ఈరోజు ఏ పేజీ అమ్మాయ్?" అని అడిగేది. వరండా అంతా నవ్వేది.

కాబట్టి ఈసారి నోరు మూసుకుని పుస్తకాన్నే అడిగింది. షాపులో, కోటు కింద, చొంగ గురించిన చోటు వెతికి పట్టుకుంది. పళ్ళొచ్చేటప్పుడు చొంగ కారడం మామూలే అని ఉంది. ప్రాణం కుదుటపడింది. మీట నొక్కింది. చక్రం తిరిగింది. "అయితే బిడ్డ మెత్తటి ముద్ద కూడా మింగలేకపోతుంటే, చొంగ ఆగకుండా కారుతుంటే, పళ్ళ వల్లేనని సరిపెట్టుకోకుండా"

అక్కడ ఆరో వరుస అయిపోయింది. మీట నొక్కింది. చక్రం తిరుగుతోంది.

కాజాలక్క దగ్గింది.

యంత్రం జేబులోకి జారిపోయింది. మేస్త్రి ఆమె పక్కనే నిలబడి, కొత్త కోట్లకి కాలరు దగ్గర బటన్ ఎక్కడ పడాలో వివరంగా చెప్పుకొచ్చాడు. పెదవుల మధ్య బటన్లతో ఆమె ఊఁ కొడుతూనే ఉంది. ఒక్క ముక్క చెవికెక్కలేదు. సరిపెట్టుకోకుండా ఏం చెయ్యాలి? మేస్త్రి వెళ్ళేసరికి యంత్రంలో ఛార్జింగ్ అయిపోయి తెర చచ్చిపోయి ఉంది. ఇంటికెళ్ళి ఛార్జింగ్ పెడితే భర్త రేడియోలో ఆటల వార్తలు విన్నాడు, తర్వాత అత్త తన కార్డు వేసుకుని పాటలు వింది. "నాకోసారి ఇవ్వండి" అని గట్టిగా అడగడానికి ఆమెకి భయమేసింది. ఎందుకని అడుగుతారు. చెబితే నవ్వుతారు.

*

మర్నాడు షాపుకి సెలవు. భర్త వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. అత్త బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. మేడ మీద పక్కింటావిడ కూడా ఉంటే ఇక ఇప్పట్లో దిగదు. ఇల్లంతా ఆమెదీ బిడ్డదీ. బుడ్డోడు నేల మీద కూర్చుని దువ్వెనతో ఆడుకుంటున్నాడు. నోట్లోంచి చొంగ తీగలా సాగి దువ్వెన మీద పడుతోంది.

ఆమె యంత్రం తీసి ఎర్రచుక్క కార్డు బయటికి లాగింది. అలవాటుగా పెదవుల మధ్య పెట్టుకుంది. అరలోంచి దారపు రీలు తీసి దూది పీకి అరచేతిలో బోర్లించింది.

ఏమీ రాలేదు.

తట్టింది, ఊదింది. వెలుగుకి ఎత్తి రంధ్రంలోంచి చూస్తే కిటికీ కనిపించింది. అరలో ఉన్న సూదులపెట్టె, కత్తెర, తలనొప్పి మందు అన్నీ కింద పెట్టింది. పరుపు దులిపింది. మోకాళ్ళ మీద కూర్చుని గదంతా చేత్తో తుడిచినట్టు తడిమింది. కార్డు లేదు.

తల ఎత్తేసరికి బుడ్డోడు ఆమెనే చూస్తున్నాడు. దువ్వెన పన్ను ఒకటి ఊడొచ్చింది కాబోలు, దాన్ని పెదవుల మధ్య పెట్టుకున్నాడు. సరిగ్గా అమ్మ కార్డుని పట్టుకున్నట్టు. పట్టుకుని, చూశావా నాకూ వచ్చు అన్నట్టు కళ్ళతో నవ్వుతున్నాడు.

ఆమె గుండె గుభేలుమంది.

దువ్వెన పన్ను లాగేసింది. నోట్లో వేలు పెట్టి చిగుళ్ళ చుట్టూ తిప్పింది. వాడు కేరుమని ఏడ్చి, ఏడుపు మధ్యలో పొలమారినట్టు దగ్గి, గుప్పెడు చొంగ ఆమె మోచేతి మీద వదిలాడు. ఆమెకి అంతా అర్థమైపోయింది. గోరంత కార్డు. నల్లగా, పలచగా, అంచులు వాడిగా. రాత్రి అత్త పాటల కోసం మారుస్తుంటే కింద పడి ఉంటుంది. రీలులో పెట్టానని ఆవిడ అనుకుని ఉంటుంది. వీడు ఏరుకుని, అమ్మలాగే పెదవుల మధ్య పెట్టుకుని, ఆ తర్వాత... అందుకే ముద్ద దిగడం లేదు. పన్నూ కాదు, ఏమీ కాదు.

నోట్లో ఉన్న ఎర్రచుక్క కార్డుని ఉమ్మేసింది. యంత్రం ఏప్రన్ జేబులో పడేసి, బిడ్డని భుజాన వేసుకుని మెట్లు దిగింది. కింద గుమ్మంలో నిలబడి మేడ మీదికి, "అత్తయ్యా! వీడు కార్డు మింగేశాడు! ఆస్పత్రికి పోతున్నా!" అని అరిచింది. జవాబు కోసం ఆగలేదు.

వీధి పొడుగూ పరుగే. రొట్టెల దుకాణం ముందు జనాన్ని తోసుకుంటూ పోయింది. సైకిలు మీద వచ్చేవాడు బ్రేకు వేసి ఏదో తిట్టాడు. బిడ్డ వీపు మీద ఆమె అరచెయ్యి ఆనించి ఉంది. ఊపిరి ఆడుతోందా లేదా అని ఆ చెయ్యి ఒకటే వింటోంది. ఆడుతోంది, ఆడుతోంది. ఒక్కసారి ఆగినట్టనిపించి ఆమె కూడా ఆగింది. వాడు ఎక్కిళ్ళ మధ్య ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ పరుగు.

*

"రామ్మా రా. ఈరోజు ఏ పేజీ?" అంది నర్సు.

"కార్డు మింగాడు సిస్టర్. పుస్తకాల కార్డు. గొంతులో ఉంది."

నర్సు నవ్వు ఆపేసింది. మనిషి వెక్కిరింపులదే గానీ పని తెలిసిన మనిషి. బిడ్డ పెదవుల రంగు చూసింది, ఛాతీ చూసింది, వీపు మీద చెవి పెట్టినంత దగ్గరగా వంగింది. "ఊపిరి బాగానే ఉంది. కూర్చో. డాక్టరమ్మకి చెప్పొస్తా. ఏమీ పెట్టకు, తాగించకు," అని లోపలికి వెళ్ళింది.

ఆమె బల్ల అంచున కూర్చుంది. పుస్తకం దగ్గరుంటే బాగుండేదనిపించింది. పుస్తకం బిడ్డ గొంతులో ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఉత్త యంత్రాన్ని జేబులోంచి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుంది.

అప్పుడే అత్త మెట్లెక్కింది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పక్కింటావిడ చెప్పు. భుజం మీద తడి తువ్వాలు. మాట రావడం లేదు, చెయ్యి మాత్రం గాల్లో ఊపుతోంది. కళ్ళజోడు డబ్బా తెరిచి కోడలి ముఖం ముందు పెట్టింది. అందులో, కళ్ళజోడు తుడిచే గుడ్డ మీద, నల్లటి గోరంత కార్డు.

"నా దగ్గరుందే! నేనే తీశానే! వాడేం మింగలేదు!"

ఆమె కార్డుని చూసింది. అత్తని చూసింది.

"రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నావ్. తిన్నదేదో తెలియకుండా తింటున్నావ్. పిల్లాడు తుమ్మితే నువ్వు చస్తున్నావ్. నాలుగురోజులు ఆ పుస్తకం కనపడకపోతే నీ మనసు కుదుటపడుద్దని దాచానే అమ్మాయ్. ఇంత పని చేస్తావనుకున్నానా? మేడ మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు!" అత్త పక్కనే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే మనవడి చొంగ తువ్వాలుతో తుడిచింది.

నర్సు బయటికొచ్చి సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే అసలు దొంగ ఇక్కడుందన్నమాట! ఏమ్మా పెద్దమ్మా, దాచేటప్పుడు కాస్త చెప్పి దాచాలి కదా!"

వరండాలో జ్వరాలతో కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. మింగలేదు. బిడ్డ మింగలేదు. ఇంకేం కావాలి?

"ఇంటికి పదండి. వేడిగా ఏదన్నా తాగి పడుకోండి ఇద్దరూ," అంది నర్సు. బిడ్డ చేతిలో ఒక బిస్కెట్ పెట్టింది. "నీక్కూడానురా, పాపం."

అత్త చెయ్యి పట్టుకుని ఆమె గుమ్మం దాకా వచ్చింది. బుడ్డోడు బిస్కెట్ కొరికాడు. నోట్లో నానబెట్టాడు. మింగబోయాడు. ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది, మెడ ముందుకు సాగింది, నానిన బిస్కెట్ అంతా ఆమె భుజం మీదికి వచ్చేసింది. దాని వెనకే చొంగ. వాడు ఏడవలేదు. ఇది మామూలే అన్నట్టు, అలవాటైపోయినట్టు, తల ఆమె మెడ మీద వాల్చాడు.

ఆ వాల్చడం చూసి ఆమె ఆగిపోయింది.

కార్డు దొరికింది. మరి ముద్ద ఎందుకు దిగడం లేదు? అసలు నిన్న షాపులో ఆ కార్డు చదివేసరికే వాడు ముద్ద మానేశాడు, ఆ సంగతి కంగారులో తట్టనే లేదు.

ఇంతసేపూ భయానికి ఒక పేరుంది, ఒక రంగుంది, గోరంత ఆకారముంది. ఇప్పుడు అవేమీ లేవు. ఉత్త భయం. దాన్ని పట్టుకుని లోపలికి పోతే ఏమని చెప్పాలి? కార్డు మింగాడని వచ్చి, మింగలేదని తేలాక కూడా భయంగా ఉందనాలా? వెనక్కి తిరిగితే ఆ నవ్వులన్నీ మళ్ళీ వినాలి. ఇంటికి పోతే ఎవరూ ఏమీ అనరు. పళ్ళే అయ్యుంటాయి. "పళ్ళ వల్లేనని సరిపెట్టుకోకుండా". ఆ తర్వాతి ఆరు వరుసలు ఆమె చదవలేదు. చక్రం ఆమె తలలో ఇంకా తిరుగుతూనే ఉంది. తెర వెలగడం లేదు.

"ఏమే, నడువు," అంది అత్త.

"నేను రానత్తయ్యా."

"మళ్ళీ ఏమొచ్చిందే?"

"ఏమో తెలీదు. తెలీదు కాబట్టే రాను."

అత్త చెయ్యి విడిపించుకుని, నర్సు ఏదో అంటుంటే వినకుండా, తెర పక్కకి తోసి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ పెద్దావిడ. చెయ్యి కడుక్కుంటూ తిరిగి చూసింది.

"కార్డు దొరికిందటగా?"

"దొరికిందమ్మా. కార్డు కాదు. కానీ వీడు మింగలేకపోతున్నాడు. మొన్నటిదాకా బాగా తిన్నాడు. ఉన్నట్టుండి మానేశాడు. పాలు దిగుతున్నాయి, ముద్ద దిగడం లేదు. ఇప్పుడు బిస్కెట్ కూడా కక్కేశాడు. నేను ఊరికే భయపడే మనిషినే, మీకూ తెలుసు. ఈ ఒక్కసారి చూడండి. ఏమీ లేకపోతే ఇంకెప్పుడూ రాను."

డాక్టరమ్మ చేతులు తుడుచుకుని బిడ్డ గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తింది. చొంగ ఆవిడ వేళ్ళ మీద కారింది. ఆవిడ నవ్వలేదు.

"ఎందుకు రావమ్మా, వస్తూనే ఉండు," అంది మెల్లిగా. "ఉన్నట్టుండి అన్నావ్ చూడు, నాక్కావాల్సింది ఆ మాటే. ఎక్స్‌రే తీద్దాం."

*

ఎక్స్‌రే గది చల్లగా, చీకటిగా ఉంది. బిడ్డని కదలకుండా పట్టుకోవాలని ఆమెకి సీసపు ఏప్రన్ తొడిగారు. తను కుట్టే చలికోట్లన్నీ ఒకేసారి తొడుక్కున్నంత బరువు. బుడ్డోడు ఆ ఏప్రన్‌కి జేబు ఉందేమోనని వెతికాడు. లేకపోయేసరికి ఏడుపందుకున్నాడు. "అయిపోయింది, అయిపోయింది నాన్నా," అంటూ చేతులు పట్టుకుంది. యంత్రం గుర్రుమంది. అయిపోయింది.

పక్కగదిలో కంప్యూటరు తెర నల్లగా ఉంది. మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది.

ఆమె కళ్ళు మూసుకుంది. అత్త ఎప్పుడొచ్చిందో, పక్కన నిలబడి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ "ఊఁ" అంది. ఆ ఊఁ బాగాలేదు.

కళ్ళు తెరిచింది. బూడిదరంగు పక్కటెముకలు, సన్నగా, పిట్ట ఎముకల్లా. వాటికి పైన, మెడ మొదట్లో, తెల్లగా వెలిగిపోతున్న ఒక గుండ్రం. డాక్టరమ్మ కలం మొనతో దాని అంచు చూపించింది. "నాణెం కాదు. చూడు, చుట్టూ బెజ్జాలున్నాయి. ఇలాంటిది మీ ఇంట్లో ఏముందమ్మా?"

ఆ బెజ్జాలు ఆమెకి తెలుసు. రోజూ పెదవుల మధ్య పెట్టుకునేది. చల్లగా, ఉప్పగా, దాని రుచి కూడా తెలుసు.

"టిచ్ బటన్," అంది. "నాది."

అత్త "అయ్యో నా తండ్రీ" అని నేల మీద కూలబడింది. పళ్ళు, పళ్ళు అని తను అన్న మాటలు గుర్తొచ్చాయి కాబోలు, తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

"పెద్దాస్పత్రిలో గొట్టం వేసి తీస్తారు. ఈరోజే తీయాలి. ఉంటే పుండు పడుతుంది. నేను ఫోన్ చేస్తా, మీరు బయల్దేరండి," అంది డాక్టరమ్మ. నర్సు అప్పటికే భర్తకి ఫోన్ చేసేసింది. గుమ్మం దాకా వచ్చి ఆమె భుజం మీది నానిన బిస్కెట్ తుడిచింది. "నా నోరు మంచిది కాదు అమ్మాయ్," అంది.

భర్త పార్సిళ్ళతో సహా వ్యాను తెచ్చాడు. దారిలో పిట్టగుండె అని ఒక్కసారి కూడా పిలవలేదు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద అతని వేళ్ళు వణకడం ఆమె చూసింది. పెళ్ళయ్యాక అతను భయపడగా చూడటం ఇదే మొదలు. అది చూశాక తన భయం రెట్టింపయింది. ఇంతకాలం ఇంట్లో భయపడే పని తన ఒక్కదానిదే. మిగతావాళ్ళు నవ్వుతున్నారంటే పరవాలేదన్నమాట. ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు.

పెద్దాస్పత్రిలో బిడ్డని ఆమె చేతుల్లోంచి తీసుకుని తలుపులు మూసేశారు. ఆ తలుపుల ముందు ఆమె ఎంతసేపు నిలబడిందో ఆమెకి తెలియదు. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే లోపల ఏదో తప్పు జరుగుతుందనిపించింది. భర్త ఓసారి నీళ్ళు తెచ్చి, ఆమె వద్దంటే తనూ తాగకుండా, గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న డాక్టరు ముందు తల ఊపాడు, తర్వాత మాట్లాడాడు. "వచ్చేసింది. లోపల కాస్త ఒరిసింది గానీ మానిపోతుంది. రేపటిదాకా చూసి పంపిస్తాం." చిన్న ప్లాస్టిక్ డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. అందులో దూది మీద టిచ్ బటన్. అంచు కాస్త నల్లబడింది.

అప్పుడు కూర్చుంది ఆమె. నేల మీదే కూర్చుంది.

*

బిడ్డ మంచం మీద నిద్రపోతున్నాడు. చొంగ లేదు. తెరిచిన నోట్లోంచి ఊపిరి వచ్చిపోతోంది. అత్తా కోడలూ చెరో పక్కన కూర్చున్నారు. భర్త పార్సిళ్ళు అందించడానికి వెళ్ళాడు.

"అది ఇంటికెలా వచ్చిందే? నువ్వేమో దులుపుకుని దులుపుకుని వస్తావ్," అంది అత్త.

అదే ఆమె కూడా ఆలోచిస్తోంది. డబ్బాలోంచి బటన్ తీసి, మంచం పక్క చిన్న బల్ల మీద పెట్టింది. ఏప్రన్ జేబులో ఏమన్నా ఇంకా ఉన్నాయేమోనని యంత్రం తీసి బల్ల మీద పెట్టి, జేబు బోర్లించింది. బటన్లు రాలేదు. కానీ బల్ల మీద టక్కుమని చిన్న చప్పుడైంది.

ఇద్దరూ తిరిగి చూశారు. బల్ల మీద బటన్ లేదు.

ఆమె యంత్రాన్ని వెల్లకిలా తిప్పింది. స్పీకరు మీద బటన్ అతుక్కుని ఉంది. వెండిరంగు గుండ్రం మీద వెండిరంగు గుండ్రం. ఉందని తెలిసి చూస్తే తప్ప కనబడదు. సూది తీసి, దిండుకి గుచ్చి, చూపించి, ఆ తర్వాత యంత్రాన్ని ఎక్కడ వేసేది తను? బటన్లు గలగలలాడే జేబులో. జేబులోంచి ఎవరు లాక్కునేవాళ్ళు?

సూదికి భయపడినన్ని రోజులూ ఇది తన జేబులోనే కూర్చుని ఇంటికి వచ్చిందన్నమాట. భయపడాల్సినవాటిలో ఇంకా ఎన్ని తనకి తెలియనివి ఉన్నాయో.

"పారెయ్యవే దాన్ని. నా పాటలూ వద్దు, వాడి రేడియో వద్దు," అంది అత్త.

ఆమె బటన్‌ని గోటితో పీకి డబ్బాలో వేసి మూత బిగించింది. యంత్రాన్ని పారెయ్యలేదు. చెయ్యి చాపింది. అత్త కాసేపు ఆ చేతికేసి చూసింది. కళ్ళజోడు డబ్బా తెరిచి, కార్డు తీసి, అరచేతిలో పెట్టింది.

"చదువుతావా?"

"ఒక్క ముక్క మిగిలిపోయిందత్తయ్యా. నిన్నటి నుంచి."

కార్డుని ఈసారి పెదవుల మధ్య పెట్టుకోలేదు. సరాసరి యంత్రంలోకి నెట్టింది.

"పైకి చదువు. నేనూ వింటా. నీలో నువ్వే చదువుకుని నీలో నువ్వే చస్తుంటే మాకేం తెలుస్తుంది?" కుర్చీ దగ్గరికి జరుపుకుంది అత్త.

ఆమె గొంతు సవరించుకుని, బడిలో లేచి నిలబడి చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి చదివింది. "అయితే బిడ్డ మెత్తటి ముద్ద కూడా మింగలేకపోతుంటే, చొంగ ఆగకుండా కారుతుంటే, పళ్ళ వల్లేనని సరిపెట్టుకోకుండా"

ఆగింది.

"ఊఁ? సరిపెట్టుకోకుండా?" అంది అత్త.

"అయిపోయిందత్తయ్యా. ఆరు వరుసలే వస్తాయి." మీట నొక్కింది. తెర నల్లబడింది. చక్రం తిరగడం మొదలైంది.

అత్త వంగి ఆ చక్రాన్నే చూస్తోంది. కాసేపయ్యాక ఆవిడ చెయ్యి తనంతట తనే లేచి, మనవడి ముక్కు దగ్గరికి వెళ్ళి, ఊపిరి తగిలేదాకా అక్కడే ఆగింది.

"ఎంతసేపే ఇది?" అంది గుసగుసగా. "నాకు గుండె దడదడలాడుతోంది."

"రోజూ ఇంతేనత్తయ్యా," అంది ఆమె.